పొల్ల పెరుగుతలేదా? రొట్టె ఆపకముందే రక్తం చూపియ్యుండ్రి

ఏఎస్ రావు నగర్‌ల మేముండే గల్లీ పక్కన ఒక అపార్ట్‌మెంట్ ఉన్నది. దానికి వాచ్‌మెన్‌గ ఉన్న తమ్ముడు మా జిల్లా మనిషే. భార్య అదే అపార్ట్‌మెంట్‌ల నాలుగిండ్లల్ల బాసన్లు తోముతది. సెల్లార్‌ల మీటర్ బోర్డుల పక్కన చిన్న అర్ర, అదే వాళ్ల ఇల్లు. వాళ్ల బిడ్డకు అప్పుడు ఆరేండ్లు. చూసినోళ్లు నాలుగేండ్లు అనుకునేది. కాళ్లు చేతులు పుల్లల లెక్క, కడుపు మాత్రం ముందుకు ఉబ్బి ఉండేది. మొఖంల రక్తం లేదు. రోజుకు నాలుగైదుసార్లు దొడ్డికి పోయేది. బడికి పోతే బెంచీ మీద తల పెట్టి పండుకునేది.

రెండేండ్లు తిరిగిన్రు. ఒక క్లినిక్‌ల నులిపురుగుల మందు ఇచ్చిన్రు. ఇంకో కాడ "రక్తం తక్కువున్నది" అని టానిక్ రాసిన్రు. ఊరికి పోయినప్పుడు అమ్మమ్మ దిష్టి తీసి తాయెత్తు కట్టిచ్చింది. ఖాళీ టానిక్ సీసాలు కిటికీల వరుసగ పెట్టుకున్నరు. నేను లెక్కపెడితే తొమ్మిది ఉన్నయి. రక్తం మాత్రం పెరగలే.

మూడో అంతస్తుల ఒక పంజాబీ పెద్దమ్మ ఉంటది. ఏఎస్ రావు నగర్ అంటేనే అన్ని రాష్ట్రాల మనుషులుండే కాలనీ. 1967ల ఈసీఐఎల్‌ను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పేరు మీద వెలిసింది. ఈసీఐఎల్, ఎన్‌ఎఫ్‌సీ కొలువులకని, పక్కనున్న సైనిక్‌పురికని దేశం నలుమూలల నుంచి వచ్చినోళ్లు ఈ చుట్టుపక్కలనే ఉండిపోయిన్రు. ఆ పెద్దమ్మ పొల్లను చూసి తల్లితోని అన్నదట: "నా మనుమరాలికి అచ్చం గిట్లనే ఉండె. ఇది గోధుమతోని వచ్చే బీమారి కావచ్చు. ముందుగాల రక్తం టెస్టు చేయించు. రొట్టె ఆపుడు తర్వాత సంగతి."

ఆ తల్లి నా దగ్గరికొచ్చి, "అన్నా, నీకు తెలుస్తది గదా, జర ఫోన్ల చూడరాదే" అన్నది. చూసిన. నేను కాలేజీ మొఖం చూసినోన్ని కాదు. దొరికిన కాయితం చదువుకుంట, అడుగుకుంట నేర్చుకున్నోన్ని. ఆ రాత్రి గంటసేపు వీడియోలు చూసిన. తెల్లారి పోయి, "చెల్లే, బిడ్డకు గోధుమ ముట్టనియ్యకు" అని చెప్పిన. టెస్టు సంగతి అడిగితే "తర్వాత చూద్దాం తీ" అన్న.

పెద్దమ్మ చెప్పిన రెండు మాటల్ల రెండోదే నా చెవుకెక్కింది. ఆ తప్పుకు నేను కాదు, ఆ పొల్ల నష్టపోయింది. ఇంట్ల ఫోన్ పట్టుకొని అందరికీ మందులు, బీమారులు వెతికిపెట్టే తమ్ముళ్లు, చెల్లెండ్లు నా లెక్కనే చెయ్యొద్దని ఇది రాస్తున్న.

అసలేందీ బీమారి?

దీని పేరు సీలియాక్ వ్యాధి. గోధుమల, బార్లీల, రై అనే ఇంకో గింజల గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటది. చపాతీ పిండి సాగుతదంటే దాని పుణ్యమే. చానమందికి దానితోని ఏ ఇబ్బంది లేదు. కొందరి ఒంట్ల మాత్రం అది లోపలికి పోంగనే, రోగాలతోని కొట్లాడాల్సిన మన రక్షణ బలగం తిరిగి మన చిన్నపేగు మీదనే పడుతది.

చిన్నపేగు లోపల కొత్త తువ్వాల మీది పోగుల లెక్క సన్న సన్న వేళ్లు ఉంటయి. తిన్నదాంట్లకెల్లి సత్తువ పీల్చుకునేది అవే. ఈ బీమారి ఉన్నోళ్లు గోధుమ తింటా ఉంటే ఆ పోగులు అరిగి, పాత తువ్వాల లెక్క నున్నగైతయి. ఇగ పొల్ల ఎంత తిన్నా ఒంటికి పట్టదు. ఐరన్ టానిక్ పోసినా పీల్చుకునే జాగ లేదు. ఆ తొమ్మిది సీసాల ముచ్చట గిదే.

ఇది ఎలర్జీ కాదు, అంటురోగం కాదు, తల్లి సరిగ్గ పెంచకపోవుడు అసలే కాదు. ఒంట్ల కొన్ని రకాల జన్యువులు ఉండాలె, దానికి తోడు తిండిల గ్లూటెన్ పడాలె. ఈ రెండూ ఉన్నోళ్లల్ల గూడ కొందరికే వస్తది.

గోధుమకూ దీనికీ సంబంధమున్నదని లోకానికి చూపెట్టింది విలెం డికె అనే నెదర్లాండ్స్ పిల్లల డాక్టర్. 1930ల నుంచే ఆయనకు అనుమానం ఉండె. రెండో ప్రపంచ యుద్ధంల 1944–45 చలికాలం ఆ దేశంల ఆకలి చావులు నడిచినయి, రొట్టె దొరకలే. లోకమంతా బక్కచిక్కిన ఆ దినాలల్ల ఈ బీమారి ఉన్న పిల్లలు మాత్రం తేరుకున్నరు. రొట్టె మళ్ల దొరకంగనే మళ్ల పడిపోయిన్రు. ఆయన దాన్ని పిల్లల మీద పద్ధతిగ పరీక్షించి 1950ల గ్రంథం రాసిండు.

మన పొల్ల సంగతి గూడ గట్లనే ఉన్నది, కాకపోతే ఉల్టా. ఊర్ల ఉన్నన్ని దినాలు బువ్వ, జొన్న రొట్టె తిని మంచిగనే ఉండె. మూడేండ్ల వయసుల పట్నమొచ్చింది. పై అంతస్తులోళ్లు మిగిలిన చపాతీలు, బ్రెడ్డు, బిస్కెట్లు ప్రేమతోనే ఇచ్చేది. తల్లి పనికి పోయినప్పుడు పొల్ల చేతుల బిస్కెట్ పుడ పెట్టి పోయేది. ఏడాది తిరిగేసరికి కడుపు ఉబ్బుడు షురువైంది.

"మనది బువ్వ తినే దేశం, మనకెందుకొస్తది?"

ఈ మాట మంది అంటరు, కొందరు డాక్టర్లు గూడ అంటరు. దీంట్ల సగం నిజమున్నది. దేశంల మూడు ప్రాంతాలల్ల 23 వేల మందికి పైగ పెద్దోళ్లను పరీక్షించిన ఒక పెద్ద అధ్యయనం 2016ల అచ్చయింది. ఉత్తరాదిల ఈ బీమారి 1.23 శాతం మందికి ఉన్నది, అంటే దగ్గర దగ్గర ఎనభై మందిల ఒకరికి. దక్షిణాదిల 0.10 శాతం, అంటే వెయ్యి మందిల ఒకరికి.

అదే అధ్యయనంల ఇంకో లెక్క ఉన్నది, అది ఇంకా ముఖ్యం. ఈ బీమారికి తావిచ్చే జన్యువులు ఉత్తరాదిల 38 శాతం మందిల ఉంటే, దక్షిణాదిల 36 శాతం మందిల ఉన్నయి. అంటే తేడా దాదాపు లేదు. మరి తేడా ఎక్కడున్నది? తినే గోధుమల. ఉత్తరాదిల మనిషికి రోజుకు 455 గ్రాములు, దక్షిణాదిల 25 గ్రాములు.

ఇప్పుడు మీ ఊరి కిరాణం కొట్టు చూడుండ్రి. పది రూపాయల బిస్కెట్ పుడలు, నూడుల్స్, రస్కులు, బన్నులు దండలు దండలుగ ఏలాడుతుంటయి. షుగరొచ్చిందని ఇంట్ల పెద్దోళ్లు రాత్రిపూట చపాతీకి మారిన్రు, వాళ్లతోని పిల్లలూ మారిన్రు. పొద్దుగాల ఉప్మా, పండుగకు సేమ్యా. బొంబాయి రవ్వ గోధుమదే అని, సేమ్యా గూడ గోధుమదే అని మనల చానమందికి ఎరుక లేదు. జన్యువు మునుపటి నుంచి ఉన్నదే, గోధుమ మాత్రం పెరిగింది. "మనకు రాదు" అన్న మాట ఇంకెన్నాళ్లు నిలబడుతది?

ఉత్తరాదిల ఈ బీమారిని గుర్తుపట్టే కండ్లు ఉన్నయి. పంజాబీ పెద్దమ్మకు ఒక్క చూపుల అనుమానమొచ్చింది. మన దిక్కు రెండేండ్లల్ల ఎవ్వరికీ యాదికి రాలే. అరుదైన బీమారి కన్నా, యాదికి రాని బీమారి పిల్లలను ఎక్కువ ఏడిపిస్తది.

ఏ పిల్లలను చూసి అనుమానపడాలె?

ముందుగాల ఒక మాట. మన తెలంగాణల ఐదేండ్లలోపు పిల్లలల్ల నూటికి 70 మందికి రక్తం తక్కువున్నదని 2019–20 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నూటికి 33 మంది వయసుకు తగ్గ ఎత్తు లేరు. వీళ్లందరికీ సీలియాక్ ఉన్నదని ఎవ్వరూ అనుకోవద్దు. చానమందికి కారణం తిండి సరిపోకపోవుడు, ఐరన్ లేకపోవుడు, పురుగులు, చెడ్డ నీళ్లు. కానీ ఆ మందలనే ఈ కొందరు కలిసిపోయి ఉంటరు, ఆనవాలు దొరకదు. వాళ్లను ఏరుడు ఎట్ల?

నెలల తరబడి పలుచగ విరేచనాలు, జిడ్డుగ, కంపు వాసనతోని, కడుపుబ్బరం, బరువు పెరగకపోవుడు, ఉన్నది తగ్గుడు, చిరాకు, ఎప్పుడూ ఏడుపు. ఇది అందరికీ కనబడే రూపం. ఎక్కువగ గోధుమ తినుడు మొదలైన కొన్ని నెలలకో, ఏడాది రెండేండ్లకో బయటపడుతది.

కనబడని రూపం ఇంకోటున్నది. విరేచనాలే ఉండయి, కొందరికైతే మలబద్ధకం ఉంటది. తోటి పిల్లలకన్నా పొట్టిగ ఉండిపోతరు. ఐరన్ మందు రెండు మూడు నెలలు సరిగ్గ తాగినా రక్తం పెరగదు. నోట్ల మాటిమాటికీ పుండ్లు. పండ్ల మీది మెరుపు పోయి గార లెక్క మచ్చలు. వయసొచ్చినా ఆడపిల్ల పెద్దమనిషి కాకపోవుడు, మగపిల్లగానికి మీసం రాకపోవుడు. ఎముకలు బలం లేకపోవుడు.

ఇంకొందరికి ఏ బాధ లేకున్నా పరీక్ష చేయించాలె. అమ్మకో, నాయినకో, తోబుట్టువుకో ఈ బీమారి ఉంటే, చిన్నప్పుడే వచ్చే షుగర్ (టైప్ 1) ఉంటే, డౌన్ సిండ్రోమ్ ఉంటే, కొన్ని రకాల థైరాయిడ్ ఉంటే వీళ్లకు వచ్చే అవకాశం ఎక్కువ.

పరీక్ష వరుస గిట్ల ఉంటది

ఒకటి: రక్త పరీక్ష. దాని పేరు టీటీజీ–ఐజీఏ. డాక్టర్‌ను పేరు పెట్టి అడుగుండ్రి, తప్పేం లేదు. దానితోపాటే టోటల్ ఐజీఏ అనే పరీక్ష గూడ చేయించాలె. ఎందుకంటే కొందరి ఒంట్ల ఐజీఏ అనేదే తయారుకాదు. అసొంటోళ్లకు బీమారి ఉన్నా మొదటి పరీక్ష "బాగున్నది" అని అబద్ధం చెప్తది.

రెండు: రక్తంల ఎక్కువొస్తే ఎండోస్కోపీ. నోట్లకెల్లి సన్నటి గొట్టం పంపి చిన్నపేగు మొదట్ల నుంచి నాలుగైదు చిన్న ముక్కలు తీస్తరు. పిల్లలకు మత్తిచ్చి చేస్తరు, కోత కుట్లు ఉండయి. ఆ ముక్కలను మైక్రోస్కోప్ కింద పెట్టి పోగులు అరిగినయా లేదా చూస్తరు. మన దేశంల పేగు పోగులు వేరే కారణాలతోని గూడ అరుగుతయి. జియార్డియా అనే పరాన్నజీవి గావచ్చు, పదేపదే వచ్చే కడుపు జబ్బులు గావచ్చు. అందుకే రక్తం మాట, పేగు మాట రెండూ కలిస్తేనే నమ్మకం. యూరప్ పిల్లల డాక్టర్లు 2020ల రాసుకున్న పద్ధతిల ఒక మినహాయింపున్నది. టీటీజీ ఉండాల్సిన దానికన్నా పది రెట్లు దాటి, మళ్ల రెండోసారి తీసిన రక్తంల ఈఎంఏ అనే ఇంకో పరీక్ష గూడ పాజిటివ్ వస్తే, ముక్క తియ్యకున్నా నిర్ధారణ చెయ్యొచ్చు. మీ పిల్లకు ఏది సరిపోతదో పిల్లల కడుపు డాక్టర్ చెప్పాలె, ఫోన్ కాదు.

మూడు: జన్యు పరీక్ష. ఇది అందరికీ అక్కర లేదు. ఆ జన్యువులు లేవని వస్తే బీమారి లేనట్టే లెక్క. ఉన్నయని వస్తే మాత్రం ఏమీ తేలదు. పైన చెప్పిన లెక్క యాదికి తెచ్చుకోండి, ముగ్గురిల ఒకరికి అవి ఉండనే ఉంటయి.

ఇగ అన్నిటికన్నా పెద్ద మాట. ఈ పరీక్షలన్నీ అయ్యేదాక పొల్ల గోధుమ తింటనే ఉండాలె. రక్తంల ఆనవాలు, పేగు మీద గాయం రెండూ గోధుమ తింటున్నప్పుడే కనబడుతయి. ఆపితే నెలల్ల మాసిపోతయి. అప్పుడు పరీక్ష చేస్తే దొంగ పారిపోయినంక ఇల్లు సోదా చేసినట్టు ఉంటది.

నా తప్పుకు పొల్ల ఏం అనుభవించింది?

గోధుమ ఆపిన మూడు వారాలకే విరేచనాలు తగ్గినయి. నాకు మస్తు గర్వమైంది. పదిమందికి చెప్పుకున్న. నాలుగు నెలలైనంక ఒక పెద్ద దవాఖానకు తోల్కపోతే, డాక్టరమ్మ మొట్టమొదలు "ఇప్పుడేం తింటున్నది?" అని అడిగింది. రక్తం తీసిన్రు. రిపోర్టు దాదాపు మామూలుగ వచ్చింది. "ఈ కాయితం పట్టుకొని ఉన్నదనీ చెప్పలేను, లేదనీ చెప్పలేను. మళ్ల గోధుమ తినిపిచ్చి చూడాలె" అన్నది.

తల్లి నా దిక్కు చూసి, "నువ్వే వద్దంటివి. ఇప్పుడు నువ్వే పెట్టుమంటవా అన్నా" అన్నది. జవాబు లేదు నా దగ్గర.

డాక్టరమ్మ కనుసన్నల రోజుకు రెండు చపాతీలు, ఎనిమిది వారాలు. రెండో వారంలనే కడుపు మళ్ల ఉబ్బింది. రాత్రిళ్లు కడుపునొప్పితోని ఏడుస్తుంటే తండ్రి సెల్లార్‌ల ఎత్తుకొని తిరిగిండు. ఎనిమిది వారాలకు టీటీజీ ఎన్నో రెట్లు ఎక్కువొచ్చింది. ముక్క తీసి చూస్తే పోగులు నున్నగైనయని తేలింది. మొదట్లనే పరీక్ష చేయిస్తే ఆ రెండు నెలల నొప్పి ఆ పొల్లకు ఉండకపోయేది.

"ఆపితే నయమైంది గదా, ఇగ కాయితం ఎందుకు?" అని మీరు అడుగొచ్చు. నేనూ అడిగిన. కారణాలున్నయి. ఇది జీవితాంతం పాటించాల్సిన పత్యం. రుజువు లేకపోతే, పొల్ల జర తేరుకోంగనే అమ్మమ్మ "ఒక్క ముక్కకేమైతది" అంటది, బడిల సార్ నమ్మడు, పదేండ్లకు పొల్లనే నమ్మదు. రుజువుంటేనే తోబుట్టువులకు పరీక్ష చేయిస్తం. వీళ్ల చిన్న కొడుక్కు చేయించిన్రు, వాడికి లేదు. ఇంకోటి, పెరగకపోవుడు వెనుక టీబీనో, పాలు పడకపోవుడో ఉండొచ్చు. గోధుమ ఆపి ఊకుంటే ఆ అసలు బీమారి లోపల లోపలనే ముదురుతది.

మందు మన ఇంట్లనే ఉన్నది

ఈ బీమారికి గోలీ లేదు. గ్లూటెన్ లేని తిండే మందు. ఏఎస్ రావు నగర్ సూపర్ మార్కెట్లల్ల "గ్లూటెన్ ఫ్రీ" అని రాసిన పుడలు అరల నిండ ఉన్నయి. చానమంది ఫ్యాషన్‌కు కొంటున్నరు. బీమారి లేనోళ్లకు దాంతోని ఒరిగేదేం లేదు. బీమారి ఉన్న వాచ్‌మెన్ బిడ్డకు ఆ ధర అందదు.

అందాల్సిన అక్కర గూడ లేదు. బియ్యం, జొన్నలు, సజ్జలు, తైదలు, కొర్రలు, మక్కలు, వీటిల ఏ ఒక్కదాంట్ల గ్లూటెన్ లేదు. పప్పులు, గుడ్లు, పాలు, మాంసం, కూరగాయలు అన్నీ నడుస్తయి. మక్క గట్క, తైదంబలి, జొన్న రొట్టె, సర్వపిండి, సకినాలు, పేలాలు, పల్లిపట్టీ... మన తాతలు తిన్నదంతా ఈ పత్యమే. రేషన్ బియ్యం గూడ పత్యమే.

జాగ్రత్త పడాల్సినయి కొన్ని ఉన్నయి. గిర్నిల గోధుమ పట్టినంక అదే రాయి మీద జొన్నలు పడితే గోధుమ పిండి కలుస్తది. ఈ తల్లి జొన్నలు, బియ్యం ఇంట్లనే మిక్సీల పట్టుకుంటది. డబ్బా ఇంగువల గోధుమ పిండి కలిపేది ఉంటది. పాలల్ల కలిపే మాల్ట్ పొడులల్ల బార్లీ ఉంటది. పుడ కొనేముందు వెనుక సన్న అక్షరాలల్ల గోధుమ, గ్లూటెన్ అని ఉన్నదేమో చదవాలె. చదువొచ్చిన మీరు ఇంటికి చెయ్యాల్సిన పని ఇదే. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమ రవ్వదే, రంజాన్ హలీంల గోధుమలే, క్రిస్మస్ కేకుల మైదానే. దేవుని పేరు మీద పెట్టినా పేగుకు తేడా తెల్వదు. ఆ దినం పొల్ల చేతుల కొబ్బరిముక్కనో, పండో పెట్టుండ్రి, చిన్నబుచ్చకుండ్రి.

సర్కారు చెయ్యాల్సింది

మాకు దగ్గరనే నాచారం ఇండస్ట్రియల్ ఏరియాల తెలంగాణ ఫుడ్స్ ఉన్నది. ఏడు నెలల నుంచి మూడేండ్ల పిల్లలకు అంగన్‌వాడీల ఇచ్చే బాలామృతం అక్కడ తయారైతది, నెలకు రెండున్నర కిలోలు. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె దాని సరుకు. లక్షల పిల్లలకు అది మంచి తిండి, దాన్ని ఎవ్వరూ భయపడి ఆపొద్దు. కానీ పరీక్షల్ల సీలియాక్ అని తేలిన పిల్లకు దానికి బదులు బియ్యంతోనో తైదలతోనో చేసిన పుడ ఇచ్చే ఏర్పాటు ఉండాలె. వెయ్యి మందిల ఒకరే కావచ్చు, ఆ ఒకరికి గూడ అంగన్‌వాడీ మీద హక్కున్నది.

రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద డాక్టర్ల బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, సర్కారు బళ్లకు ఒకసారి రావాలె. వచ్చినప్పుడు "ఈ పిల్లకు మూడు నెలలు ఐరన్ ఇచ్చినా రక్తం పెరగలే, బరువు పెరగలే" అని చెప్పి కాయితం మీద రాయించుండ్రి. అసొంటి పిల్లలకు టీటీజీ పరీక్ష ఉచితంగ, జిల్లా దవాఖానలనే జరగాలె. బయట ల్యాబుల ఆ పరీక్ష కూలి మనిషి ఒక్క దినం సంపాదన దాటుతది. ఆ పైసలకు వెనకాడే మనోళ్లు ముందుగాల రొట్టె ఆపి చూస్తరు, నేను చెప్పినట్టే.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీ ఇంటి పక్కన పెరగని పిల్ల ఉంటే వీడియో పంపకుండ్రి. వాళ్ల వెంట దవాఖానకు పోండ్రి. టెస్టు పేరు చిట్టీ మీద రాసుకపోండ్రి. తేలేదాక తిండి మార్చకుండ్రి.

ఆ పొల్లకు ఇప్పుడు ఏడేండ్లు దాటినయి. సెల్లార్ గోడ మీద తండ్రి పెన్సిల్‌తోని ఎత్తు గీస్తడు. పోయిన ఏడాది గీతకు, ఈ ఏడాది గీతకు నడుమ నాలుగు వేళ్ల సందు ఉన్నది. కిటికీల టానిక్ సీసాలు తీసేసిన్రు. ఆ జాగల జొన్నల డబ్బా పెట్టుకున్నరు.